గట్టు దిగుడులో కదలని బండి

మా బండి పెట్రోలు తాగడం నేను హ్యాండిల్ పట్టుకున్న నాటినుంచే మొదలైందని మా ఊళ్ళో చెబుతారు. కిరాణా కొట్టు దగ్గర చెబుతారు, రేవులో చెబుతారు, మా తోడికోడలి పుట్టింటివాళ్ళయితే పక్క ఊరెళ్ళి మరీ చెబుతారు. "ఆవిడ సగం క్లచ్ నొక్కిపెట్టి తోలుద్దండీ, మరి ఇంజనేమవుద్ది?" అని. చెప్పేవాళ్ళలో సగం మందికి క్లచ్ ఏ చేతివైపు ఉంటుందో తెలియదు. ఆ ఆదివారం గట్టు మీద నిలబడి జరిగిందంతా కళ్ళారా చూసినవాళ్ళు కూడా కొన్నాళ్ళకి మళ్ళీ ఆ మాటకే వచ్చారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కాదన్నవాళ్ళు వచ్చి వాదించుకోవచ్చు. ఆ పనికి నేనెప్పుడూ తీరిగ్గానే ఉంటాను.

మాది కడియానికి దిగువన గౌతమి ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఊరు. ఒకే వాకిలి, రెండు వంటిళ్ళు. ఒక వంటింట్లో నేనూ మా ఆయనా, రెండోదాంట్లో మా బావగారూ, అంటే మా ఆయన అన్నగారూ, ఆయన భార్యా. బండి మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్కటే. మా మావగారు కొన్న పాత మోటార్‌సైకిల్. ఆయన పోయాక అది ఎవరిదన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. పెద్దవారు కాబట్టి దాని మీద మాట బావగారిది, తోలేది మా ఆయన. ఏటి మధ్యలో ఉన్న లంకలో మాకు అరటితోట ఉంది. వారానికొకసారి బండిని పడవల పంటు మీద ఏరు దాటించి, గెలలు వేసుకుని తిరిగి రావడం కూడా మా ఆయన పనే.

తర్వాత ఆయన మోకాలు పోయింది. రాజమండ్రిలో ఆపరేషన్ చేసిన డాక్టరుగారు కిక్ కొట్టకూడదు, బరువుతో బండి నెట్టకూడదు అని గట్టిగా చెప్పి పంపించారు. దానితో ఇంట్లో ఒకేసారి రెండు మార్పులొచ్చాయి. లంకకి బండి తీసుకెళ్ళే పని బావగారి మీద పడింది. మిగతా రోజుల్లో బండి నా చేతికొచ్చింది. ఈ రెండూ ఒకే నెలలో జరిగాయి. ఊరు రెండోదాన్ని మాత్రమే గుర్తు పెట్టుకుంది.

నాకు బండి సరదా కాదు. గట్టు వెంట దిగువకి వెళ్తే వచ్చే ఊళ్ళో ఒక చిన్న ప్రైవేటు హైస్కూలు ఉంది. అక్కడ సైన్సు టీచరుగా నాకు ఉద్యోగం వచ్చింది. బీయస్సీ చదివి, పెళ్ళయ్యాక ఆ చదువంతా పప్పులో ఇంగువ ఎంత వేయాలన్న లెక్కకి వాడేసి, తల నెరిశాక వచ్చిన ఉద్యోగం. గట్టు మీద బస్సు లేదు. ఆటోలుంటాయి గానీ నిండితే కదులుతాయి, నిండేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది. మా హెడ్మాస్టరుగారు గేటు దగ్గర నిలబడి వాచీ చూసుకునే మనిషి. "టీచరమ్మగారూ, పిల్లలకి ఆలస్యం అయితే బయట నిలబెడతాం. మీకేం చెయ్యమంటారు?" అని మొదటి వారంలోనే అడిగారు. బండి ఉంటే ఉద్యోగం ఉంటుంది. బండి పోతే ఇంగువ దగ్గరికి తిరిగి రావడమే. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఆయన వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాలు ఎదురుగా స్టూలు మీద పెట్టుకుని నాకు నేర్పారు. "క్లచ్ వదులు. వదులు. అయ్యో, అంతలా వదలకే!" ఇంజను ఆగిపోతే ఆయన మొహం చూడాలి, కన్నపిల్ల పడిపోయినంత బాధ. నెల తిరిగేసరికి గట్టెక్కాను. చీరలు బీరువాలో పెట్టేసి పంజాబీ డ్రెస్సులు కుట్టించుకున్నాను. స్కూటీ అయితే ఎవరూ ఏమీ అనేవారు కాదు. గేర్ల బండి మీద, ఆ వయసులో, హెల్మెట్ పెట్టుకుని ఒక ఆడమనిషి రోజూ ఒకే టైముకి పోతుంటే ఊరికి ఏదో ఒకటి అనాలనిపిస్తుంది కదా. అనడానికి కారణం త్వరలోనే దొరికింది.

లీటరుకి అరవై దాకా ఇచ్చిన బండి నలభై కిందకి దిగింది.

బావగారు కోప్పడే మనిషి కాదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. కోప్పడితే నేను కూడా రెండు అనగలను. ఆయన పొద్దున్నే బండి దగ్గరికొచ్చి, ట్యాంకు మూత తీసి, లోపలికి చూసి, బండిని కాస్త అటూ ఇటూ ఊపి, ఆ గలగల విని, "మళ్ళీ అడుక్కొచ్చిందా అమ్మా?" అని మెల్లగా అనేవారు. అని వెళ్ళిపోయేవారు.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. సెంటర్లో షెడ్డు. కార్బొరేటర్ విప్పి, కడిగి, బిగించి, ట్యూన్ చేసి, చేతులు తుడుచుకుంటూ, "బండి బంగారమండి. తోలే చెయ్యి బట్టి ఉంటాదండి ఏదైనా," అన్నాడు.

"నా చేతికేమైంది?"

"ఆయ్, మిమ్మల్నని కాదండి. ఆడోళ్ళు సాధారణంగా సగం క్లచ్ మీద తోల్తారండి."

"ఇప్పటిదాకా ఎంతమంది ఆడవాళ్ళ మోటార్‌సైకిళ్ళు బాగుచేశావయ్యా?"

ఆలోచించాడు. "మీదేనండి," అన్నాడు.

"మరి సాధారణంగా అన్న మాట ఎక్కడినుంచి తెచ్చావు?"

నవ్వేశాడు. నవ్వితే వాదన అయిపోయినట్టు మగవాళ్ళకి ఒక నమ్మకం.

ఇంటికొచ్చి నేనే పని పట్టాను. ఫోన్లో వీడియోలు చూశాను, బండితో వచ్చిన పాత పుస్తకం అట్ట ఊడిపోయినా చదివాను. ఎయిర్ ఫిల్టర్ విప్పితే అరటిపీచూ గట్టు దుమ్మూ కలిసి రొట్టెలా పేరుకుని ఉంది. మార్చాను. ప్లగ్గు మసిబారి ఉంది, మార్చాను. టైర్లలో గాలి సరిచూశాను, చెయిన్‌కి ఆయిల్ పెట్టాను. గేరు ఎప్పుడు మార్చాలో, ఏ స్పీడులో పోతే ఇంజను ఊపిరి తేలిగ్గా పీల్చుకుంటుందో చెవితో విని నేర్చుకున్నాను. చేసిన ప్రతి పనికీ కొంచెం ఫలితం కనిపించేది. మళ్ళీ వారం తిరిగేసరికి ఎక్కడిదక్కడికే. కారణం దొరకని తప్పు ఎప్పుడూ దగ్గర్లో ఉన్న మనిషి నెత్తిన పడుతుంది. దగ్గర్లో ఉన్నది నేనే.

ఒక సాయంత్రం నేను బడినుంచి వచ్చి హెల్మెట్ ఇంకా తీయలేదు. అరుగు మీద బావగారు తువ్వాలు దులుపుకుంటూ కూర్చున్నారు.

"ఆదివారం కడియంనుంచి ఒకాయన వస్తాడమ్మా. బండి చూసుకుంటాడు."

"చూసుకుని?"

"చూసుకుని ఏంటి? తీసుకెళ్తాడు. ట్రాలీ చేయించుకుంటాడంట."

కడియం నర్సరీలు తెలిసినవాళ్ళకి ట్రాలీ అంటే తెలుసు. పాత మోటార్‌సైకిల్ వెనక సగం కోసేసి, ఇనప తొట్టి అతికించి, మూడు చక్రాల మీద మొక్కలూ కుండీలూ పెంటా మోయిస్తారు. హ్యాండిలూ ట్యాంకూ ముందు అలాగే ఉంటాయి. వెనక చూస్తే ఇక ఆ బండి కాదు.

"సోమవారం నేను బడికి ఎలా వెళ్ళాలి బావగారూ?"

"ఆటోలున్నాయి కదమ్మా."

"ఏ ఆటో? నిండేదాకా కదలని ఆటోనా? హెడ్మాస్టరుగారికి మీరొచ్చి చెబుతారా, ఆటో నిండలేదండీ అని?"

లోపలినుంచి తోడికోడలు అందుకుంది. "ఎందుకు చెల్లీ ఈ వయసులో ఆ అవస్థ? ఒళ్ళు హూనం చేసుకోడం కాపోతే."

"ఒళ్ళు నాదక్కా. దాని సంగతి నేను చూసుకుంటాను."

మా ఆయన మోకాలు నిమురుకుంటూ ఉండిపోయారు. ఆయనకి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా మోకాలు నొప్పెడుతుంది.

"మరి లంకకో? గెలలెలా తెస్తారు?" అని అడిగాను.

"పడవవాళ్ళే గట్టు మీదకి చేరుస్తామన్నారు. నేనింక బండి పంటెక్కించను," అన్నారు బావగారు. ఆ ఒక్క మాట మాత్రం ఎందుకో తొందరగా అనేశారు. అప్పుడు నేను పట్టించుకోలేదు. నా మనసంతా సోమవారం మీదే ఉంది.

"సరే బావగారూ. ఇచ్చేముందు సీసా కట్టి చూద్దాం," అన్నాను.

సీసా కట్టడమంటే పెద్ద విద్యేమీ కాదు. ట్యాంకు పైపు తీసేసి, హ్యాండిల్‌కి ఖాళీ సెలైన్ సీసా వేలాడదీసి, దాని గొట్టం కార్బొరేటర్‌కి తగిలిస్తారు. సీసాలో నూరు మిల్లీలీటర్లు పోసి బండి ఆగిపోయేదాకా తోలుతారు. ఆగినచోటే లెక్క. ఎవరి నోరూ దాన్ని మార్చలేదు. నాకు కావలసింది అదే.

"ముందు మెకానిక్ తోలతాడు. తర్వాత అదే కొలత పోసి నేను తోలతాను. రోడ్డు అదే, పెట్రోలు అదే, మారేది చెయ్యి ఒక్కటే. నా చెయ్యిదే తప్పయితే నా సీసా ముందు అయిపోవాలి. ఒప్పుకుంటారా?"

"ఇసుక ర్యాంపు దాకా వెళ్తే బండి ఇంట్లోనే ఉంటుందమ్మా," అన్నారు బావగారు. ఆయన మాట ఇస్తే తప్పే మనిషి కాదు. దాన్ని కూడా రాయాలి. ఇసుక ర్యాంపు అంటే గట్టు వెంట దిగువన, ఏటిలోంచి ఇసుక లారీలు పైకెక్కే చోటు. పాతరోజుల్లో ఆ నూరు మిల్లీలీటర్లతో మా బండి అక్కడిదాకా నిక్షేపంగా పోయేది.

ఆదివారం పొద్దున్నే కడియం ఆయన వచ్చాడు, సొంత ట్రాలీ మీదే. దాని ముందుభాగం కూడా ఒకప్పుడు ఎవరిదో మోటార్‌సైకిల్. ట్యాంకు మీద పిల్లలెవరో అతికించిన పువ్వుబొమ్మ ఇంకా ఉంది. తొట్టిలో గోనె పరిచి మా ఆయన్నీ బావగారినీ కూర్చోబెట్టుకున్నాడు. మా ఆయన కాలు చాపుకుని, రెండు బంతి మొక్కల మధ్య, ఊరేగింపులో పెళ్ళికొడుకులా ఉన్నారు. ఇంకోసారయితే నవ్వేదాన్ని.

మెకానిక్ సీసా కట్టాడు. నేను దగ్గరుండి కొలత చూసి పోయించాను. బయల్దేరాడు. వెనకాల ట్రాలీ, ట్రాలీలో నేను కూడా, తొట్టి అంచు పట్టుకుని. ఒకవైపు ఏరు, ఒకవైపు అరటితోటలు. నా కళ్ళు మాత్రం ఆ సీసా మీదే. అది ఎండలో మెరుస్తూ ఊగుతోంది. పెట్రోలు మట్టం ఎంతున్నదీ ఇంత దూరంనుంచి కనబడదు.

పంపుహౌస్ దగ్గర బండి ముక్కింది, ఇంకొంచెం లాగింది, ఆగిపోయింది. ఇసుక ర్యాంపు ఇంకా కనుచూపు మేరలో కూడా లేదు.

మెకానిక్ దిగి సీసా కుదిపి చూశాడు. "లేదండి," అన్నాడు.

"సగం క్లచ్ నొక్కావా ఏంటయ్యా?" అన్నాను. ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

వెనక్కి వచ్చాం. నా వంతు. హెల్మెట్ పెట్టుకున్నాను. మా ఆయన ట్రాలీలోంచే, "మూడోదాంట్లో ఎక్కువసేపు ఉంచకు, తొందరగా టాప్‌లో వెయ్యి," అన్నారు. ఆ రోజుల్లో ఆయన అందరి ముందూ నా తరఫున అన్న మొదటి మాట అది. బయల్దేరాను. ఒక్కసారి కూడా అనవసరంగా యాక్సిలరేటర్ తిప్పలేదు. ఎదురుగా గేదెలొస్తే బ్రేకు వేయాల్సి వస్తుందని దూరంనుంచే హారన్ కొట్టాను. గేదెలు నా మాట విన్నాయి. పంపుహౌస్ వచ్చింది. దాటాను. ఇంకో కరెంటు స్తంభం. అక్కడ ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మెకానిక్ కంటే ఒక్క స్తంభం ఎక్కువ. అంతే.

ట్రాలీ వచ్చి ఆగింది. నేను హెల్మెట్ తీసి, అందరి మొహాలూ చూసి అన్నాను. "ఇప్పుడు చెప్పండి. నా చెయ్యా?"

"కాదమ్మా," అన్నారు బావగారు వెంటనే. "నీ చెయ్యి కాదు. ఒప్పుకుంటున్నాను. బండే పోయింది. ఇంజను అయిపోయింది. ఇచ్చేద్దాం."

వాదన గెలిచాను. గెలిచి బండిని పోగొట్టుకున్నాను. నా మాటలతో నేనే బండికి చావు సర్టిఫికెట్ రాసినట్టయింది. మెకానిక్ కూడా తలూపాడు. "బరువుగా లాగుతుందండి. కంప్రెషన్ లేదండి లోపల. సిలిండరు బోరు చేయించాలండి, అంతా చేయించినా పాత బండేనండి." చెయ్యి అన్నవాడే ఇప్పుడు ఇంజను అంటున్నాడు. చెయ్యి అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు మాత్రం లేదు.

కడియం ఆయన సంతోషపడ్డాడు. "మాకు మైలేజీతో పనేముందండి, తోటలో తిరిగేదే కదా. ఇక్కడే ఎక్కించేసుకుంటానండి, మళ్ళీ ఊళ్ళోకెందుకు?" అని, ట్రాలీని గట్టు దింపి, కింద తోట దారిలో వెనక్కి తిప్పి పెట్టాడు. గట్టు మీదనుంచి తోటలోకి ఏటవాలుగా ఒక మట్టి దారి దిగుతుంది. బండిని ఆ దిగుడులోంచి నడిపించుకెళ్ళి, బల్ల మీదుగా తొట్టిలోకి ఎక్కించాలని వాళ్ళ ఆలోచన. మెకానిక్ హ్యాండిల్ పట్టుకోబోయాడు.

"నేను దింపుతాను," అన్నాను.

"ఎందుకండీ, మేం లేమా?"

"వదులు."

సీటు మీద కూర్చున్నాను. గేరు న్యూట్రల్‌లో వేసి, రెండు కాళ్ళూ నేలకి ఆన్చి, ఎప్పటిలాగే బలమంతా పెట్టి నెట్టుకుంటూ దిగుడు మొదట్లోకి తెచ్చాను. మనసులో ఏముందంటే, ఇంక దానంతట అది జారిపోతుంది, నేను ముందు బ్రేకు మీద మెల్లగా వదులుకుంటూ దించాలి, అంతవరకూ ఏడవకూడదు. చేతి బ్రేకు వదిలాను.

బండి కదల్లేదు.

ముందు చక్రం దిగుడులో ఉంది, వెనక చక్రం దిగుడులో ఉంది, బండి బరువు, దాని మీద నా బరువు (అది తక్కువేమీ కాదు), మొత్తం కిందికే ఉంది. బండి మాత్రం మొండికేసిన గేదెలా నిలబడింది. రెండు చేతులూ హ్యాండిల్ మీదనుంచి తీసి పైకెత్తాను.

"గేరులో ఉందండీ," కిందనుంచి కడియం ఆయన అరిచాడు.

"న్యూట్రల్‌లో ఉంది. వచ్చి చూసుకోండి."

వచ్చి చూశాడు. వెనకనుంచి నెట్టాడు. జానెడు జరిగి మళ్ళీ ఆగింది. "ఇంజను పట్టేసిందేమోనండి," అన్నాడు మెకానిక్. "న్యూట్రల్‌లో ఉంటే ఇంజనుకీ చక్రానికీ సంబంధమేంటయ్యా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంత దిగుడులో నిలబడిపోయే బండిని రోజూ చదును రోడ్డు మీద ఇంజను ఈడుస్తోందా? ఎంత పెట్రోలు పోస్తే సరిపోతుంది?

అప్పుడే తల తిప్పాను. బావగారు గట్టు అంచున నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యి లాల్చీ జేబులోకి వెళ్ళింది. బయటికొచ్చినప్పుడు అందులో ఒక చిన్న స్పానర్ ఉంది. ఎవరినీ చూడకుండా దాన్ని మెకానిక్‌కి అందించారు.

మెకానిక్ అర్థం కాక ఒక్క క్షణం దాన్ని చూశాడు. ఆనక వెనక చక్రం దగ్గర కూర్చుని మధ్యలో డ్రమ్ము మీద చెయ్యి వేసి, "అబ్బ!" అని విదిలించుకున్నాడు. పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలిపోతోంది. "బ్రేకు పట్టేసుందండి! ఈ నట్టు ఇంతలా ఎవరు బిగించారండి బాబూ?"

అతను నట్టు ఒక చుట్టు వదులు చేశాడు. ఇంకో చుట్టు. ఇంకోటి తిప్పుతుండగానే నా కింద బండి కదిలింది. నేను నెట్టలేదు, ఎవరూ నెట్టలేదు. "లేవయ్యా!" అని అరిచాను. అతను పక్కకి దూకాడు. బండి జారుతోంది, దిగుడు వంపు తిరుగుతోంది, వంపులో ట్రాలీ, ట్రాలీ పక్కన మా ఆయన మోకాలు పట్టుకుని. కాలి బ్రేకు నొక్కితే వదులు చేసేశారు కదా, తగల్లేదు. ముందు బ్రేకు గుప్పిట బిగించి పట్టుకున్నాను. మట్టిలో చక్రం జరజర లాగి, ట్రాలీకి బారెడు దూరంలో ఆగింది. "ఇదీ మీ పోయిన ఇంజను," అన్నాను.

మా ఆయన పైకి చూసి, "అన్నయ్యా, ఆ స్పానర్ జేబులో ఎందుకుంది?" అని అడిగారు.

"రేవు దిగుడులో ఆగాలి కదరా," అన్నారు బావగారు.

మా రేవు సంగతి చెప్పాలి. గట్టు మీదనుంచి నీళ్ళదాకా బురద దిగుడు. చివర రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు. బండిని ఆ బురదలో దింపి, ఊగుతున్న బల్లల మీదకి ఎక్కించి, ఏరు దాటేదాకా కదలకుండా ఆపాలి. మా ఆయన చక్రం కింద చెక్కముక్క పెట్టేవారు. బావగారు నట్టు బిగించేవారు. బిగించింది మళ్ళీ వదులు చేసేవారు కాదు. రోజూ నేను తోలితే లోపలి బ్రేకు కొంచెం అరిగేది, వచ్చే ఆదివారం రేవులో అది వదులనిపించి ఆయన ఇంకో చుట్టు తిప్పేవారు. వారమంతా నేను ఆ బిగుసుకున్న చక్రాన్ని బడికీ ఇంటికీ ఈడ్చుకుంటూ తిరిగాను. నాకు ఆ బండి తప్ప ఇంకోటి తెలియదు కాబట్టి, కాలు ఆన్చగానే ఆగిపోతుంటే బ్రేకు భలే పట్టుందని మురిసిపోయాను కూడా. మెకానిక్కూ నేనూ ముందరున్నవన్నీ విప్పి చూశాం. వెనక చక్రాన్ని ఎత్తి ఒక్కసారి చేత్తో తిప్పి చూడాలని ఇద్దరికీ తట్టలేదు.

నట్టు సరిగ్గా పెట్టించాను. నొక్కితే పట్టాలి, వదిలితే చక్రం తేలిగ్గా తిరగాలి. మళ్ళీ ఊళ్ళోకొచ్చి మూడో సీసా కట్టించాను. కడియం ఆయన విసుక్కున్నాడు. "ఆదివారం పూట నర్సరీలో బేరాలండీ," అన్నాడు. "ఒక్క సీసా. ఆగండి," అన్నాను. బావగారు ఈసారి ట్రాలీ ఎక్కలేదు. గట్టు మొదట్లోనే నిలబడిపోయారు.

బండి నా కింద వేరే బండిలా ఉంది. యాక్సిలరేటర్ వదిలినా పోతోంది. ఇన్నాళ్ళూ నేను తోలింది బండిని కాదు, ఒక పంతాన్ని. పంపుహౌస్ వచ్చింది, పోయింది. నా స్తంభం వచ్చింది, పోయింది. ట్రాలీ వెనకబడిపోయింది, దాని మోత కూడా వినబడటం లేదు. మలుపు తిరగ్గానే దూరంగా ఇసుక లారీ ఒకటి గట్టెక్కుతూ కనిపించింది. సీసా వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. గొట్టం మొదట్లో కాస్త తడి మెరుస్తోంది, అంతే. ఇంజను ఒకసారి దగ్గింది. క్లచ్ పట్టి జారనిచ్చాను. మళ్ళీ అందుకుంది. ర్యాంపు మొదట్లో పాతిన కర్ర దాటి, లారీ డ్రైవరు తల బయటపెట్టి చూస్తుండగా, అప్పుడు ఆగింది. దిగి అక్కడే ఇసుకలో కూర్చున్నాను. ఏడ్చానని తర్వాత ఎవరో అన్నారు. ఇసుక కళ్ళలో పడింది.

బావగారు మాట నిలబెట్టుకున్నారు. కడియం ఆయనకి ఒక గెల ఇచ్చి పంపించారు. అతను వెళ్తూ నాతో, "అమ్మగారూ, ఎప్పటికైనా అమ్మితే నాకే చెప్పండి," అన్నాడు. "మీ ట్రాలీ అమ్మితే నాకు చెప్పండి," అన్నాను.

నేను ఆ మర్నాడు బడికి బండి మీదే వెళ్ళాను. ఇప్పటికీ అలాగే వెళ్తున్నాను.

బావగారి సంగతి మా ఆయన తర్వాత పంటువాళ్ళ దగ్గర విని వచ్చి చెప్పారు. బావగారు మొదటిసారి లంకకి వెళ్ళిన రోజున తిరిగొచ్చేటప్పుడు, గెలలు వేసిన బండి బల్ల మీద నిలవకుండా వెనక్కి జారి ఆయనతో సహా ఏట్లో పడిందట. నడుం లోతే, కానీ కాలు బండి కింద ఇరుక్కుపోయిందట. పంటు మీద ఉన్నవాళ్ళు దూకి లేపారట. "ఇంట్లో చెప్పకండి" అని అందరికీ దణ్ణం పెట్టారట. తడిసిన బట్టలకి ఆ రోజు ఇంట్లో ఏం కారణం చెప్పారో మా తోడికోడలికే గుర్తు లేదు. ఆ వయసులో, నీళ్ళలో, బండి కింద! భయం వేస్తుంది. ఆ స్పానర్ ఎందుకు పుట్టిందో నాకు అర్థమైంది. దానికి నేను ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఊళ్ళోవాళ్ళు నమ్మరు గానీ, నేను ఊరుకోవడం కూడా ఎరుగుదును. బండి ఇంట్లోనే ఉండిపోయింది కాబట్టి లంకకి మళ్ళీ ఆయనే తీసుకెళ్తున్నారు. చెక్కముక్క పెట్టుకోమని ఇచ్చాను, తీసుకున్నారు. అయినా సోమవారం పొద్దున్నే వెనక చక్రం ఎత్తి తిప్పి చూస్తే అప్పుడప్పుడూ బిగుసుకునే ఉంటుంది. వదులు చేసుకుని వెళ్ళిపోతాను.

కానీ ఒకటి మాత్రం మింగుడు పడదు. ఆ రోజు దిగుడులో బండి నిలబడిపోయినప్పుడు గేరన్నారు, ఇంజనన్నారు. బ్రేకు అన్న మాట ఇంకా ఎవరి నోటా రాలేదు. నాకే తట్టలేదు. మరి బావగారూ, మీ చెయ్యి అంత సూటిగా జేబులోకి ఎలా వెళ్ళింది? మీకు అప్పుడే తట్టిందా, లేక అన్ని నెలలూ తెలిసే, నా చెయ్యిదే తప్పని ఊరంతా అంటుంటే వింటూ కూర్చున్నారా?